అమ్మను తీసుకురావలసిన బండి

జూన్ 3

అక్కా,

బాగున్నారా అని అడగను. బాగుంటే వచ్చేవాళ్ళు.

మొన్న శనివారం పొద్దున్నే తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాను. పేర్లు పిలిచే వార్డరు వచ్చినప్పుడల్లా లేచి నిలబడటం, మళ్ళీ కూర్చోవడం. సాయంత్రానికి గేటు మూసేశారు. పక్క మంచం పెద్దాయన, "ఏరా, నిన్ను చూసుకోడానికి పెళ్ళివారు రాలేదా?" అన్నాడు. నవ్వేశాను. నవ్వక చేసేదేముంది?

పొట్టి పోయి మూడేళ్ళు కావస్తోంది. మెకానిక్ షెడ్డులో నాతో ఒకే కంచంలో తిన్నవాణ్ణి కోపంలో ఒక్క తోపు తోశాను, వాడు మళ్ళీ లేవలేదు. ఊరు దాన్ని మరిచిపోదని నాకు తెలుసు. జైలు గేటు ముందు నిలబడటం నీకు నామోషీగా ఉంటే ఆ ముక్కే రాసెయ్యి. ప్రతిసారీ అమ్మ ఒంట్లో బాగాలేదని వంక పెట్టకు.

నీకు ఫోను వినపడితే ఇంత రాసే పనే ఉండేది కాదు. మగ్గాల మిల్లు మోత నీ చెవులు తీసుకుని నా చేతికి పెన్ను ఇచ్చింది.

నీ తమ్ముడు


జూన్ 12

ఒరేయ్,

నీ ఉత్తరం చదవగానే కోపం వచ్చింది. ఇంకోసారి చదివితే ఇంకా ఎక్కువ వచ్చింది. నామోషీ పడేదాన్నయితే నిన్ను తీసుకెళ్ళిన రోజే పడి ఉందును.

ఆ శనివారం మేం బయల్దేరాం. మన పాత కారు వెనక సీట్లో దిళ్ళు పేర్చి అమ్మను వాటి మధ్య కూర్చోబెట్టాను. రైలు గేటు దాకా వచ్చామో లేదో, అమ్మ నా భుజం తట్టింది. తిరిగి చూస్తే ముఖం పాలిపోయి, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. బండి ఆపి దించేలోగా వాంతి చేసుకుంది. నాకూ తల దిమ్మెక్కింది. బండి నిండా పొగ వాసన. అద్దాలన్నీ దించి, చీమలా నడుపుకుంటూ ఇంటికి తెచ్చాను.

పక్కింటి టైలరు కింద వంగి చూశాడు. ఇంజిన్‌కీ సైలెన్సర్‌కీ మధ్య ఉండే పైపు తుప్పు పట్టి చిల్లు పడిందట. "మీ బండి వీధి మొదట్లో ఉండగానే మా పసిపిల్ల లేచి కూర్చుంటుందమ్మా. చెబుదామనే అనుకుంటున్నా" అన్నాడు. అంత మోత చేస్తోందని నాకెలా తెలుస్తుంది? నువ్వన్నా చెప్పలేదేమే అని అమ్మను అడిగితే, "నీకెలాగూ వినపడదు. చెప్పి బాధపెట్టడం ఎందుకని" అంది. పైగా, "ఆ బండీ నేనూ ఒక ఈడువాళ్ళం. అది దగ్గితే నాకు తోడుగా ఉంటుంది" అని వేళాకోళం.

బస్సులో అమ్మ నడుం నిలవదు. గుండె కూడా నీరసంగా కొట్టుకుంటోందని డాక్టరు మందులు మార్చాడు. ఊళ్ళో ఉన్నది పెద్దమేస్త్రి షెడ్డు ఒక్కటే. పోయిన పొట్టి ఆయన సొంత తమ్ముడు. ఏ ముఖం పెట్టుకుని బండి అక్కడికి తోలను? ఈ పొగతో పొరుగూరు దాకా పోలేను.

కాబట్టి నువ్వు చెప్పు, నేను చేస్తాను. మగ్గాల నట్లు విప్పి బిగించిన చేతులివి. చెవులు పోయాయి గానీ వేళ్ళు ఎక్కడికీ పోలేదు.

అమ్మ నిన్ను వేళకి తినమంటోంది. అక్కడ వేళ నీది కాదని ఎంత చెప్పినా వినదు.

అక్క


జూన్ 20

అక్కా,

ఇన్నాళ్ళకి నన్నొకరు పని అడిగారు. ఉత్తరం పట్టుకుని వడ్రంగం షెడ్డులో అటూ ఇటూ తిరిగాను. ఇక్కడ నా చేత కుర్చీలు చేయిస్తున్నారు. వాటికి ఇంజిన్లు ఉండవు.

విను. ముందు బండి పూర్తిగా చల్లారాలి. చదునైన చోట పెట్టి వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం వెయ్యి. జాకీతో ముందుభాగం లేపి, కింద గట్టి చెక్కదుంగలు పెట్టు. జాకీని నమ్మి బండి కిందకి దూరకు. ఇటుకలు అసలే వద్దు, అవి చెప్పి పగలవు.

పైపుకి ఇంజిన్ వైపు నట్లు, సైలెన్సర్ వైపు పైపును చుట్టి పట్టే ఒక క్లాంపు ఉంటాయి. ముందురోజు నుంచే వాటికి కిరోసిన్ పట్టించు, అమ్మకి మందు వేసినట్టు పూటపూటా. కొంచెం విప్పు, కొంచెం బిగించు, మళ్ళీ విప్పు. తుప్పుతో పంతానికి పోతే తుప్పే గెలుస్తుంది. పైపును మోసే రబ్బరు రింగులకి సబ్బునీళ్ళు రాస్తే జారి వస్తాయి.

మన మోడల్ ఇప్పుడు తయారుకావడం లేదు. పాత సామాన్ల కొట్టుకి ఊడదీసిన పైపు పట్టుకెళ్ళి, పక్కపక్కన పెట్టి చూసుకో. వంపు కాస్త తేడా ఉన్నా తీసుకోవద్దు. చివర్లలో పాత ప్యాకింగ్ అంతా గీకేసి కొత్తది వెయ్యి. పొగను లోపల ఆపేది అదే. అన్నీ ముందు చేత్తో బిగించి, పైపు ఎక్కడా అడుగు రేకుకి తగలడం లేదని చూసుకున్నాకే స్పానర్ పట్టు. ఒక నట్టు కొంచెం, పక్క నట్టు కొంచెం. ఒకదాన్నే బిర్రుగా బిగిస్తే రెండోవైపు నోరు తెరుస్తుంది. సీటు కింద రేకుకి చిల్లులుంటే అవీ మూయించు.

బొమ్మ వేసి పెట్టాను. బాణం గుర్తులు చూడు.

అమ్మకి దండాలు.

నీ తమ్ముడు


జూలై 8

ఒరేయ్,

నీ ఉత్తరం పోయిన వారం చేరింది. కవరు మీద రెండు సంతకాలు, మూడు ముద్రలు. నీ పైపు బొమ్మ చూసి అక్కడి ఆఫీసరు సొరంగం అనుకున్నాడేమో. అమ్మకి ఆ మాట చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది.

ఇక నా మాట. పైపు గురించి పేజీలకి పేజీలు రాశావు. అమ్మ గుండె నీరసపడిందని రాస్తే దానికి జవాబు "దండాలు". ఉత్తరం అమ్మకి చదివి వినిపిస్తూ చివర నాలుగు మాటలు నేనే కలిపాను. నిన్ను తలుచుకుంటూ ఉన్నానమ్మా, మందులు మానకు, అలాంటివి. అమ్మ నా వైపు చూసి, "వాడు అలా మాట్లాడడే" అంది. దొంగతనం దొరికిపోయింది.

పని మొదలుపెట్టాను. క్లాంపు వచ్చింది. ఇంజిన్ దగ్గర నట్టు ఒకటి మొండికేసింది. కిరోసిన్ తాగి తాగి కూర్చుంది గానీ కదలదు. దాని తల కూడా అరిగిపోయి స్పానర్ జారుతోంది.

ఇంకో సంగతి. నీకు చెప్పకూడదనుకున్నాను, కానీ మనకి దాపరికాలు లేవు కదా. నాకు తెలియకుండా అమ్మ టైలరు చేత పెద్దమేస్త్రికి కబురు పంపింది. ఆయన వచ్చాడు. గేటు దాటి లోపలికి రాలేదు. అమ్మ గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చి ఆయనకి చేతులు జోడించింది. ఇద్దరి పెదాలూ నాకు కనిపిస్తున్నాయి.

"నీ తమ్ముణ్ణి నేను తెచ్చివ్వలేను నాయనా. నా కొడుకును ఒక్కసారి చూసుకోవాలి. ఆ నట్టు ఒక్కటి ఊడదీసి పెట్టు."

ఆయన బండి వైపు చాలాసేపు చూశాడు. "నా చెయ్యి రాదమ్మా" అని వెళ్ళిపోయాడు.

ఆయన్ని తప్పు పట్టలేను. నట్టు సంగతి ఏం చెయ్యాలో వెంటనే రాయి.

అక్క


జూలై 15

అక్కా,

ఆ ఇంటి మనిషి ముందు అమ్మ చేతులు జోడించేలా చేశావు. అంతకన్నా నన్ను ఇక్కడే పాతిపెట్టి ఉంటే బాగుండేది. ఆయనకి మనం ఇచ్చింది చాలదా, మళ్ళీ పిలిచి గేటు దగ్గర నిలబెట్టాలా? నువ్వు ఇంట్లో ఉండి చేస్తున్నదేమిటి?

బండి ఎక్కడ ఉందో అక్కడే ఉండనీ. మీరు రావొద్దు. నన్ను చూసుకోకపోతే ఎవరి ప్రాణమూ పోదు.

తమ్ముడు


జూలై 19

అక్కా,

మొన్న పంపిన ఉత్తరం ఇంకా చేరకపోతే తెరవకుండా పొయ్యిలో వెయ్యి. చేరితే అమ్మకి చదవకు. చదివితే, అది నేను రాసింది కాదు, నా కోపం రాసిందని చెప్పు. ఆ కోపం సంగతి అమ్మకి నాకన్నా బాగా తెలుసు.

అమ్మ గుండె గురించి రాయలేదని అన్నావు. రాద్దామనే కూర్చున్నాను. పెన్ను కదల్లేదు. పైపు దగ్గరికి వచ్చేసరికి కదిలింది. నాకు బాగుచెయ్యడం చేతనైనవాటి గురించే రాయగలను అక్కా. మిగతావాటి దగ్గర చేతులు చచ్చుబడతాయి.

నట్టు మొండికేస్తే బతిమాలకు. హ్యాక్సా బ్లేడుతో కోసెయ్యి. బ్లేడుకి నూనె రాస్తూ, నిదానంగా. కళ్ళకి అద్దాలు పెట్టుకో. పాత నట్లు అక్కడే పారేసి కొత్తవి వెయ్యి.

ఈ నెలాఖరు శనివారం తప్పకుండా రండి. ఇక్కడ కలుసుకునే గదిలో మధ్యన అడ్డంగా ఉండే ఇనప జాలీకి దగ్గరగా ఒక కుర్చీ ఉంది, నేను చేసిందే. చేతులున్న కుర్చీ. అమ్మ నడుంకి సరిపోయేలా వీపు చెక్క కాస్త వంచాను. ఎవరికీ చెప్పలేదు. అమ్మను అందులో కూర్చోబెట్టు.

అమ్మ మందులు మానకూడదు. ఈ ముక్క నేనే రాశాను, నువ్వు కలపలేదని చెప్పు.

నీ తమ్ముడు


ఆగస్టు 2

తమ్ముడూ,

టైలరు చేత జైలుకి ఫోను చేయించాను. నీకు చెప్పామన్నారు. కాపలా మనుషులు దొరకలేదని, నిన్ను పంపడం కుదరదని అన్నారు. అమ్మ పోయిందని మాత్రం నీకు తెలిసి ఉంటుంది. ఎలా పోయిందో వాళ్ళకి తెలియదు. నేనే చెప్పాలి.

నీ కోపం ఉత్తరం ముందు వచ్చింది. దాచుదామనుకున్నాను. కవరు చూసిన అమ్మ నా ముఖం కూడా చూసింది. చదవమంది. మార్చి చదివితే పట్టేస్తుందని ఉన్నదున్నట్టు చదివాను. అమ్మ కళ్ళు తుడుచుకుంది. "వాడు రావొద్దన్నాడంటే ఎదురుచూస్తున్నాడన్నమాట. నట్టు కొయ్యి" అంది.

నువ్వు చెప్పకముందే కోశాను. పాత సామాన్ల కొట్టులో సరిగ్గా అదే వంపు పైపు దొరికింది, కొత్తదే, వెండి రంగు కూడా పోలేదు. ప్యాకింగ్ వేశాను. నువ్వు రాసినట్టే కొంచెం ఇటు, కొంచెం అటు బిగించాను. సీటు కింద రేకు టైలరు తమ్ముడు అతికించి పెట్టాడు. ఇంజిన్ వేయగానే అమ్మ వాకిట్లోంచి చెయ్యెత్తింది, మోత తగ్గిందని. ఆ చెయ్యే నా చెవి.

శనివారం పొద్దున బయల్దేరాం. అమ్మ ఉతికిన చీర కట్టుకుంది. నేను వెనక్కి చూసుకునే అద్దాన్ని రోడ్డు వైపు కాకుండా అమ్మ ముఖం వైపు తిప్పుకున్నాను, మాట్లాడితే కనిపిస్తుందని. రైలు గేటు దాటాం. పొగ వాసన లేదు. "ఇదేదో పడవలా పోతోందే" అంది. వాడికి ఏం చెప్తావే అని అడిగాను. "అది వాడికి చెప్పుకుంటాను. మధ్యలో నీకెందుకు?" అంది. తర్వాత పొలాల వైపు చూస్తూ కూర్చుంది.

వంతెన దగ్గర అమ్మ మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టింది. పెద్ద మాటే. పెదాలు చాలాసేపు కదిలాయి. ఎదురుగా లారీ వస్తోంది. వంతెన ఇరుకు. నేను రోడ్డు వైపే చూడాల్సి వచ్చింది. లారీ దాటాక అద్దంలో చూస్తే అమ్మ కళ్ళు మూసుకుని దిండు మీద తల వాల్చి ఉంది. పడుకుందనుకున్నాను. పడుకోనీలే, అక్కడికి వెళ్ళేసరికి ఓపిక వస్తుందని మెల్లగా నడిపాను. చెట్ల నీడలో ఆపి మంచినీళ్ళు ఇద్దామని చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

మూలిగిందో, పిలిచిందో. చెవులున్నవాళ్ళయితే వినేవాళ్ళు.

దారిలో ఆసుపత్రిలో గుండె ఆగిందన్నారు. ఆగింది సరే, ఎందుకు ఆగింది? పైపు బిగించింది నేను. లీకు ఉంటే శబ్దం వస్తుందట, నాకు వినపడదు. వాసన లేదనుకున్నాను, నిజంగా లేదో, నా ఆశో. తమ్ముడూ, నీ మీద ఒట్టు, నన్ను ఓదార్చకు. నా బిగింపులో తప్పు ఉండి ఉంటుందా? ఒక్క ముక్కలో రాయి.

నీ రెండో ఉత్తరం నేను అమ్మను ఇంటికి తెచ్చేసరికి తలుపు సందులో ఉంది.

అక్క


ఆగస్టు 9

అక్కా,

ఆ శనివారం కూడా తల దువ్వుకుని కూర్చున్నాను. నేను రావొద్దన్నాను కాబట్టి రాలేదనుకున్నాను. సాయంత్రం పిలుపు వస్తే, మీరే వచ్చారని పరిగెత్తాను. ఆఫీసులో కూర్చోమన్నారు. కూర్చోమన్నప్పుడే అర్థమైంది.

నువ్వు ఒట్టు వేశావు కాబట్టి ఓదార్చను. తప్పు లేదని నేను ఇక్కడి నుంచి చెబితే నువ్వు నమ్మవు, నమ్మకూడదు కూడా. నేను చూడలేదు. కానీ ఒకటి ఆలోచించు. మొదటిసారి పొగ వచ్చినప్పుడు నీకూ తల దిమ్మెక్కింది. ఈసారి నీకు ఎలా ఉంది? అమ్మతో పాటు నువ్వూ ఆ బండిలోనే ఉన్నావు. నువ్వు బతికి ఉన్నావు.

అది చాలకపోతే, చూడటానికి దారి ఉంది. బండి చల్లగా ఉన్నప్పుడు తెల్లటి పాతగుడ్డ తీసుకుని, నువ్వు బిగించిన చోట పైపు చుట్టూ తుడువు. వెనక క్లాంపు దగ్గర కూడా. అంత దూరం నడిచిన బండి కాబట్టి పొగ బయటికి వచ్చి ఉంటే ఆ సందులో నల్లగా మసి కడుతుంది. గుడ్డకి అంటుతుంది. దుమ్ము వేరు, మసి వేరు. మసి చేత్తో నలిపితే జిడ్డుగా పాకుతుంది.

మసి ఉన్నా లేకున్నా నాకు రాయి. ఉంటే అది నా తప్పు. చెప్పింది నేను.

తమ్ముడు


ఆగస్టు 24

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చిన రోజే గుడ్డ చింపి పెట్టుకున్నాను. ఎన్నిసార్లు వాకిట్లోకి వెళ్ళానో. దుంగలు పెట్టాను, బండి లేపాను. కిందకి మాత్రం దూరలేకపోయాను. గుడ్డ పట్టుకుని బండి పక్కన కూర్చుని, మళ్ళీ ఇంట్లోకి పోయేదాన్ని.

నిన్న అలాగే కూర్చుని ఉంటే గేటు నీడ కదిలింది. పెద్దమేస్త్రి. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో. అమ్మను సాగనంపిన రోజు కూడా ఆయన వీధి చివర నిలబడి ఉన్నాడని టైలరు చెప్పాడు. నా చేతిలో గుడ్డ చూశాడు, లేపి పెట్టిన బండిని చూశాడు. ఆ పనిలో ముసలైనవాడు, నేను నోరు విప్పకుండానే అర్థమైనట్టుంది. గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. చెయ్యి చాపాడు. గుడ్డ ఇచ్చాను.

చెప్పులు విడిచి, దుంగలు ఒకసారి కదిపి చూసుకుని, వెల్లకిలా కిందకి వెళ్ళాడు. ఆయన పాదాలు మాత్రం బయట కనిపిస్తున్నాయి. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. చాలాసేపు రాలేదు. అన్ని అతుకులూ చూసినట్టున్నాడు. తర్వాత లేచి వచ్చి, గుడ్డ విప్పి నా ముందు పట్టుకున్నాడు. మట్టి ఉంది. మసి లేదు. నేను చేత్తో నలిపి చూశాను. మళ్ళీ మళ్ళీ నలిపాను. మట్టే రాలింది.

ఆయన నా ముఖానికి ఎదురుగా నిలబడి, నాకు తెలిసేలా ఒక్కో మాటా వేరు చేసి అన్నాడు: "బాగా బిగించావమ్మా. రవ్వంత పొగ కూడా రాలేదు."

అప్పుడు ఏడుపు వచ్చింది. అమ్మ పోయిన రోజున రానిదంతా వచ్చింది. ఆయన వెళ్ళిపోకుండా, చెప్పులు వేసుకోకుండా, నేను ఆపేదాకా అక్కడే నిలబడ్డాడు. నీ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

నాకు తల నొప్పి రాలేదు. ఇప్పుడు గుర్తు తెచ్చుకుంటే, ఆ దారంతా గాలి శుభ్రంగానే ఉంది.

పొగ కాదని తేలింది. కానీ ఇంకొకటి ఉంది, అది ఏ గుడ్డతో తుడిచినా తేలదు. వంతెన మీద అమ్మ అన్న మాట. నీకోసం అన్ని నెలలు దాచుకున్న మాట, నీ దాకా మోసుకొస్తున్న మాట. అమ్మ దాన్ని నా చేతుల్లో పెట్టింది, నేను లారీ వైపు చూశాను. నీ ఆస్తి పోగొట్టాను తమ్ముడూ. అది ఎక్కడా మళ్ళీ దొరకదు. నువ్వు అడిగితే ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు.

అక్క


సెప్టెంబరు 1

అక్కా,

మసి లేదన్న ముక్క చదివి బయటికి వెళ్ళి నీళ్ళ తొట్టి దగ్గర ముఖం కడుక్కున్నాను. పక్క మంచం పెద్దాయన ఏమైందని అడిగాడు. మా అక్క నాకన్నా మంచి మెకానిక్ అన్నాను.

పెద్దమేస్త్రి గురించి నాకు మాటలు రావు. ఆయన ముందు ఎప్పటికైనా నిలబడగలనో లేదో తెలియదు. ఆయన మన బండి కిందకి వెళ్ళాడు. అంతవరకే నాకు అర్థమవుతోంది.

ఆ మాట గురించి. రెండు మూడు రోజులుగా కుర్చీకాళ్ళు నున్నగా చేస్తూ దాని గురించే ఆలోచించాను. నువ్వు ఒట్టు వేయకపోయినా ఇది ఓదార్పు కాదు. నీకు నేను ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు, కోపం మాత్రమే చూపించాను.

అమ్మ నీతో అన్నది నువ్వే రాశావు. నాకు చెప్పేది నాకే చెప్పుకుంటానంది, మధ్యలో నీకెందుకంది. అమ్మ మాట మీద నిలబడే మనిషి. నాకోసం దాచింది ఏదైనా ఉంటే జాలీ దాకా దాచే ఉంచేది, దారి మధ్యలో విప్పేది కాదు. పైగా నీకు వినపడదని, అద్దంలో పెదాలు చూస్తావని అమ్మకి తెలుసు. తెలిసి, నీ వైపు తిరిగి, అంతసేపు మాట్లాడింది.

నా దాకా రావలసింది అమ్మ తనతోనే తీసుకుపోయింది. అది నువ్వు పోగొట్టింది కాదు. వంతెన మీద అన్నది నాది కాదు అక్కా. అది నీకు చెప్పుకుంది.

నీ తమ్ముడు